కదలెడు బొమ్మకు తగిన సాధనము

మెలికల ముగ్గును మాటలతో నేర్పుట కష్టము. చుక్కను చుట్టివచ్చిన గీత యెచ్చట మలగునో కన్నులార చూడవలయును. ఒకమారు గాక పదిమారులు చూడవలయును. ఇట్టి పనికి జిఫ్ అను కదలెడు బొమ్మ మిక్కిలి యనుకూలము. అది ముగియగానే తనంతట మరల మొదలగును. బ్రహ్మానందముగారి హాస్యపు ముఖకవళికల వలన దీనిని మీరెల్లరు నెరిగియే యుందురు. తెలుగు అధ్యాపకులుగా నుండి నటులై, 2009లో పద్మశ్రీ నందిన వారి చూపు నేడు మన ఫోనులలో మాటకు మారుగా తిరుగుచున్నది.

ఈ రూపమును 1987లో అమెరికాలోని కంప్యూసర్వ్ సంస్థ వెలువరించినది. దీనియందు ఒక్కొక్క చిత్రమునకు 256 రంగులకు మించి పట్టవు. శబ్దము బొత్తిగా నుండదు. పరిమాణమును త్వరగా పెరుగును. సెకనునకు 30 చిత్రములు గల వీడియో ఐదు సెకనులలో 150 చిత్రములగును. సెకనునకు 10 మాత్రమే యుంచినచో 50తో సరిపోవును. కావున తునకను కత్తిరించుటకును, చిత్రముల సంఖ్యను, వెడల్పును తగ్గించుటకును వీలిచ్చునదే మంచి సాధనము.

మా అత్తగారు వేయు మెలికల ముగ్గును డల్లాసులోనున్న మా మేనకోడలు నేర్వగోరినది. నల్లపాటి మా వాకిట తీసిన వీడియోలో అత్తగారి చేతితోపాటు మా చిన్నదాని ముఖమును, వీధి గుమ్మమును పడినవి. ఈజీజిఫ్ వంటి వెబ్‌సైటులో పని సులభమే; కాని వీడియోను పరుల యంత్రమునకు పంపవలయును. బిడ్డ ముఖమున్న దానిని అట్లు పంపుటకు నా మనసొప్పలేదు. మావారును ఔననిరి.

ఇంటి కంప్యూటరులోనే పనిచేయునవి కలవు. విండోసు గలవారికి స్క్రీన్‌టుజిఫ్ ఉచితము. చిత్రములనన్నిటిని వరుసగా పరచి చూపును, అక్కరలేనివానిని తీసివేయవచ్చును, చేయి మాత్రమే కనబడునట్లు అంచులు కత్తిరింపవచ్చును. ఆజ్ఞలు వ్రాయు నోపిక గలవారికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉత్తమము. అది ముందుగా వీడియోకు తగిన 256 రంగుల నేరి, పిదప ఆ రంగులతోనే బొమ్మను కట్టగలదు. ఎర్రమట్టి అలుకుపై తెల్లని గీత మరకలు పడక నిలుచును. కొద్ది సెకనుల తునకయైనచో వాట్సాపులోనే జిఫ్ అను మీట కలదు. అది నిజమునకు శబ్దములేని వీడియోగనే పోవును. ఆప్తులకు పంపుటకు అంతియే చాలును.

నేను స్క్రీన్‌టుజిఫ్‌నే యెన్నుకొంటిని. ఐదేసి సెకనుల నాలుగు బొమ్మలలో ముగ్గు పూర్తియైనది. మేనకోడలు నేర్చినది కూడ. ఐనను చుక్కలు లెక్కించుచు, “అటు కాదే తల్లీ, లోపలికి తిప్పు” అను అత్తగారి కంఠము ఆ బొమ్మలలో లేదు. డెబ్బది దాటిన యా కంఠము మూలపు వీడియోలో మాత్రమే యున్నది. బొమ్మ సిద్ధమైనదని ఫోనులో చోటుకొరకు మూలమును చెరిపివేయకుడు. ముందుగా దానిని రెండుచోట్ల భద్రపరచి, పిమ్మట కత్తెర పట్టుడు.