కింగ్‌కాంగ్ కొండల కింద కడలి గుహ

'జురాసిక్ పార్క్' చూశారుగా! అందులో హెలికాప్టరు సముద్రం మీంచి దూసుకొచ్చి, నిటారుగా లేచిన పచ్చటి కొండల వైపు వెళుతుంది, గుర్తుందా? డైనోసార్లు రాకముందే మనల్ని సీట్లో నిటారుగా కూర్చోబెట్టే షాటది. ఆ కొండలు సెట్టింగూ కాదు, కంప్యూటరు మాయా కాదు. పసిఫిక్ మహాసముద్రం నడుమ, హవాయి దీవుల్లో కవాయి అనే దీవి ఉంది. దాని వాయవ్య తీరం పేరు నా పాలి. అక్కడి భాషలో 'కొండచరియలు' అని అర్థం. కొన్నిచోట్ల ఆ చరియలు 4,000 అడుగుల ఎత్తుంటాయి!

హాలీవుడ్డు వాళ్ళకి ఈ తీరమంటే మహా మోజు. 1976లో వచ్చిన 'కింగ్ కాంగ్'కి ఇక్కడి హోనోపు తీరంలో షూటింగు చేశారు. హీరోయిన్ జెస్సికా లాంగ్‌కి అది తొలి చిత్రం. 2011లో విడుదలైన 'పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్' నాలుగో చిత్రానికీ హోనోపులోనే కెమేరా పెట్టారు. 'జురాసిక్ పార్క్' యూనిటు సంగతి మరీ విచిత్రం. 1992 సెప్టెంబరు 11న ఇనికి అనే భయంకరమైన తుఫాను కవాయి మీద విరుచుకుపడింది. దర్శకుడు స్పీల్‌బర్గ్‌తో సహా యూనిటంతా హోటల్లో తలదాచుకుంది. అంతటి గాలివానలోనూ తీసిన అలల షాట్లు సినిమాలో వాడుకున్నారు. సినిమావాళ్ళంటే సినిమావాళ్ళే మరి!

అయితే వెండితెర మీద ఈ కొండల్ని మనం ఎక్కువగా చూసింది ఆకాశంలోంచి. వాటి పాదాల దగ్గర, సముద్రపు నీరు తగిలేచోట, గుహలున్నాయి. వాటిని తెలుసుకోవాలంటే హెలికాప్టరు పనికిరాదు. తెడ్డు పట్టాలి.

నిప్పు కట్టింది, నీరు తొలిచింది

గుహ అనగానే మనకి బొర్రా గుహలు తోస్తాయి. అది సున్నపురాయి. గోస్తనీ నది నీరు యుగాల తరబడి కరిగించి చేసిన పని. నా పాలి గుహల పుట్టుక వేరు. కవాయి దీవి సుమారు 50 లక్షల ఏళ్ళ క్రితం సముద్రగర్భంలోంచి లేచిన అగ్నిపర్వతం. లావా పొర మీద పొరగా, దోసె మీద దోసె పోసినట్టు, పేరుకుంది. మన రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా ఒకప్పుడు ఇలా పారిన లావాయే సుమా!

ఈ పొరలన్నీ ఒకే గట్టిదనంతో ఉండవు. గట్టిరాయికీ గట్టిరాయికీ మధ్య గుల్లగా, రాళ్ళముక్కల్లా ఉండే పొర ఉంటుంది. పగుళ్ళుంటాయి. అల వచ్చి కొట్టినప్పుడు ఆ పగుళ్ళలోని గాలి నొక్కుకుపోతుంది. అల వెనక్కి తగ్గగానే ఆ గాలి ఒక్కసారిగా విచ్చుకుని రాయిని పెకలిస్తుంది. పగలూ రాత్రీ, వేల ఏళ్ళు, ఇదే పని. అలా ఏర్పడినవే ఈ గుహలు.

సముద్రం కాల్షీటు

కయాక్ అంటే సన్నటి, పొడవాటి చిన్న పడవ. మాకిచ్చినవి ఇద్దరు కూర్చునేవి. ఒక్కొక్కరికీ రెండు చివరలా రెక్కలున్న తెడ్డు. హాఎనా తీరంలో పొద్దున్నే బయలుదేరి పడమటి చివరనున్న పోలిహాలే ఇసుక తీరం దాకా సుమారు 17 మైళ్ళు. రోజంతా పని. పెద్ద హీరోల కాల్షీట్లలాగే సముద్రం కాల్షీట్లు కూడా దొరకాలి. ఎండాకాలం నెలల్లోనే ఈ ప్రయాణం. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే అలలు 20 అడుగులు దాటి లేస్తాయి. అప్పుడు కయాకులన్నీ ఒడ్డునే.

నా పడవలో వెనకసీటు కుర్రాడిది మన తెనాలే. శాన్ హోసేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలుగువాణ్ణి చూసిన సంబరంలో మొదటి మైలంతా కబుర్లే. రెండో మైలుకి ఇద్దరికీ భుజాలు లాగి మాటలు తగ్గాయి. పక్కన తాబేళ్ళు తల పైకెత్తి చూసి మునిగిపోతున్నాయి. మాకు దారి చూపించే అమ్మాయి ఈ దీవిలోనే పుట్టి పెరిగింది. ఆమె కొండల్ని చూడదు, తాబేళ్ళని చూడదు. అలల్నే చూస్తుంది.

రెండు గుమ్మాల గుహ

వైయాహువాకువా! పేరు పలకడానికే సాధన కావాలి. కొండలో వంపు తిరిగి వెయ్యి అడుగులకి పైగా సాగే గుహ. ఒక గుమ్మంలో దూరి రెండో గుమ్మంలోంచి సముద్రంలోకి బయటపడొచ్చు.

గుమ్మం ముందు ఆమె చెయ్యెత్తి అందర్నీ ఆపింది. అలలు ఒక్క తీరుగా రావు. కాసేపు చిన్నవి, ఆ తర్వాత వరసగా నాలుగైదు పెద్దవి. ఆ పెద్దవి పోయేదాకా ఆగాలి. లోపల ఉండగా పెద్ద అల వస్తే నీరు పైకి లేస్తుంది, పడవ గోడకేసి కొట్టుకుంటుంది. అందుకే తలకి హెల్మెట్లు, వంటికి లైఫ్ జాకెట్లు. ఆమె లెక్కపెడుతోంది. మేం ఊపిరి బిగబట్టాం.

"ఇప్పుడు!" అంది.

నాలుగు తెడ్లు వేశామో లేదో, ఎండ తెగిపోయింది. ఒక్కసారిగా చల్లదనం. వెనకనుంచి గుమ్మంలో పడ్డ వెలుతురు నీటి అడుగునుంచి వచ్చినట్టు నీలంగా మెరుస్తోంది. కప్పులో ఒకచోట చిల్లు, అందులోంచి సన్నటి జలపాతం నేరుగా నీళ్ళ మీద పడుతోంది. తల తడవకుండా దాటడం కుదరదు. వంపు దగ్గర బాగా చీకటి. అల లోపలికొచ్చినప్పుడు ఎక్కడో గోడలో 'ధుమ్' మని మోత. ఏ స్టీరియో హాల్లోనూ అలాంటి మోత వినలేదు నేను. చెవికి కాదు, గుండెకి తగులుతుంది.

"అన్నా, కొండ ఊపిరి తీస్తోందే!" అన్నాడు కుర్రాడు. నిజమే. నీరు లేచినప్పుడు మాతో పాటు పడవా లేస్తోంది, తగ్గినప్పుడు దిగుతోంది. రెండో గుమ్మంలోంచి మళ్ళీ ఎండలో పడ్డాక ఇద్దరం పిచ్చిగా నవ్వుకున్నాం.

మధ్యాహ్నానికి గాలి పెరిగింది. ముందు మరో గుహ ఉంది. దాని కప్పు ఎన్నడో కూలిపోయి, లోపల ఆకాశం కనిపిస్తుందట. ఆమె ఈసారి చాలాసేపు అలల్ని చూసి, తల అడ్డంగా ఊపింది. మా కుర్రాడు బతిమాలాడు: "ఇంతదూరం వచ్చాం, ఒక్క నిమిషం!" ఆమె కోప్పడలేదు. "సముద్రానికి వీపు చూపించకూడదని మా ఇళ్ళల్లో చిన్నప్పుడే చెబుతారు. గుహ వచ్చే ఏడూ ఉంటుంది. మీరూ ఉండాలి" అంది. మరి మాట్లాడకుండా తెడ్డు వేశాడు. మేం దాటిపోతుండగానే ఆ గుమ్మంలోకి ఒక పెద్ద అల విరిగి, తెల్లటి నురగ పైకప్పు దాకా ఎగిసింది. ఎవ్వరం ఏమీ అనలేదు.

తెరకెక్కడానికి 129 ఏళ్ళు

మిలోలీ తీరంలో భోజనాలప్పుడు ఆమె చెప్పిన కథ గుహకంటే లోతైనది. మేం దాటొచ్చిన కలలౌ లోయలో జరిగినదే. 1865 చట్టం ప్రకారం కుష్ఠువ్యాధి సోకిన వాళ్ళని మోలోకాయి దీవికి పంపేసేవారు. కోలౌ అనే పశువుల కాపరికి జబ్బు వచ్చింది. భార్య పీలానీని వదిలి వెళ్ళనన్నాడు. భార్యాభర్తలు కొడుకుని తీసుకుని ఈ లోయలోకి వచ్చేశారు. 1893లో తుపాకులు, ఫిరంగి పట్టుకుని సైనికులొచ్చారు. కోలౌ దొరకలేదు. కొండల్లో దాక్కుని బతుకుతుండగా కొడుకు పోయాడు, ఆ తర్వాత కోలౌ పోయాడు. ఇద్దర్నీ పీలానీయే తన చేతుల్తో పాతిపెట్టి, ఒంటరిగా కొండ దాటి ఇంటికెళ్ళింది. ఆమె చెప్పిన కథ 1906లో హవాయి భాషలో పుస్తకంగా వచ్చింది. ఇవాళ ఆ జబ్బు మందులతో పూర్తిగా నయమవుతుంది. వెలివేత చట్టం మాత్రం 1969 దాకా ఉంది.

ఈ తీరానికి హాలీవుడ్డు గొరిల్లాని తెచ్చింది, డైనోసార్లని తెచ్చింది, సముద్రపు దొంగల్ని తెచ్చింది. ఇక్కడే పుట్టిన పీలానీ కథ మాత్రం 2022లో 'ది విండ్ అండ్ ది రెకనింగ్' పేరుతో తెరకెక్కింది. సంభాషణలు చాలామటుకు హవాయి భాషలోనే.

'జురాసిక్ పార్క్' మళ్ళీ చూసినప్పుడు ఆ కొండల షాటు దగ్గర కాస్త ఆగండి. రెండు కొండల మధ్య పచ్చటి లోయ కనిపిస్తే, డైనోసారుకంటే ముందు పీలానీని తలచుకోండి.