గుంటల గట్టున ఒక రాత్రి లెక్క

తోటపల్లి గూడూరు దాటి కోడూరు తీరం వైపు వెళ్తుంటే రొయ్యల గుంటల్లో ఏరియేటర్ల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. రెక్కల చక్రాలు నీటిని ఎగజిమ్మి గాలి కలుపుతుంటాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే పొద్దుగూకాక దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా అడుగంటుతుంది. రొయ్య పైకి తేలేదాకా చూస్తూ కూర్చునే రైతు ఇక్కడ ఉండడు. అదే ఊళ్లో మంచం మీద మనిషి గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకుంటుంటే మాత్రం ఒళ్లెరగని నిద్ర అనుకుంటాం. గుంటకిచ్చే కాపలాను మనిషి నిద్రకూ ఒక్క రాత్రి ఇవ్వాలన్నది నా వాదన.

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోవడమే స్లీప్ ఆప్నియా. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితే ఒకసారిగా లెక్క. పూర్తిగా ఆగినవీ, బాగా తగ్గినవీ కలిపి గంటకు 5 దాటితే జబ్బు కింద చూస్తారు, 30 దాటితే తీవ్రమైనదే. కలలొచ్చే నిద్రలో కండరాలు మరీ సడలుతాయి, ఆ నిద్ర రాత్రి చివరి జాముల్లోనే ఎక్కువ. గుంటకూ మనిషికీ గండం ఒకే వేళన్నమాట. పగలు ఆసుపత్రిలో వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 98 చూపించిందని ధైర్యపడటం, మధ్యాహ్నం నీళ్లు పరీక్షించి రాత్రికి నిశ్చింతగా పడుకోవడం లాంటిదే.

రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి చేసే నిద్ర పరీక్షకు వెళ్లేవాళ్లు ఆ పొద్దున తలంటుకుని, మళ్లీ నూనె రాయకుండా వెళ్లాలి. మెదడు తరంగాలు పట్టే తీగలు జిడ్డు మీద నిలవవు. వేలి గోరుకు రంగుంటే తుడిచేయాలి. మధ్యాహ్నం నుంచి టీ, కాఫీ మానాలి, పగటి కునుకూ వద్దు. రోజూ వేసుకునే మాత్రలు సొంతంగా ఆపకూడదు. నిద్రమాత్రల సంగతి మాత్రం డాక్టరుకు ముందే చెప్పాలి. అలవాటైన దిండు వెంట తీసుకెళ్లొచ్చు. వీటన్నిటికంటే విలువైనది పక్కన పడుకునే మనిషి మాట. ఊపిరి ఆగడం చూసింది ఆ మనిషే, రోగి కాదు.

కొత్త చోట, ఇన్ని తీగలతో నిద్రెలా పడుతుందని అడుగుతారు. మొదటి రాత్రి నిద్ర తగ్గే మాట నిజమే. కానీ తీవ్రమైన జబ్బు నిమిషాల తేడాతో తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి కొద్ది గంటల నిద్రలోనే బయటపడుతుంది. అప్పుడు అదే రాత్రి రెండో సగంలో, మాస్కుతో గాలి ఒత్తిడి ఇచ్చే సీపాప్ యంత్రం పెట్టి ఎంత ఒత్తిడి కావాలో చూస్తారు. సిడ్నీలో కోలిన్ సలివాన్ బృందం వాక్యూమ్ క్లీనర్ మోటారుతో మొదలుపెట్టి, 1981లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించినదే ఈ సీపాప్ పద్ధతి. మాస్కు నుంచి వచ్చేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. ఆ ఒత్తిడికి గొంతు తెరుచుకుని ఉంటుంది. యంత్రం అలవాటైపోతుందన్న భయం కళ్లజోడు అలవాటైపోతుందన్న భయం లాంటిది. ముఖం మీద మాస్కు ఊపిరాడనివ్వదన్న బెదురు మాత్రం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. పరీక్షకు ముందే పగటిపూట మెలకువగా కూర్చుని, కాసేపు మాస్కు చేత్తో ఆనించుకుని చూడనివ్వమని అడగాలి.

ఖర్చు బరువే, కాదనను. ఇక కరెంటు అంటారా, గుంటల దగ్గర ఏరియేటర్లు ఆగకూడదని జనరేటర్ సిద్ధంగా పెట్టుకుంటారు. ఇంట్లో వాడుకునే సీపాప్ యంత్రానికి అంత కూడా అక్కర్లేదు, ఫ్యాను తిప్పే ఇన్వర్టర్ చాలు.