వేగాన్ని ఫోటో తీయడం

పందెంలో దూసుకుపోతున్న కారును మీరు ఫోటో తీశారనుకోండి. కారు చాలా స్పష్టంగా వచ్చింది. టైరు మీది అక్షరాలు కూడా చదవవచ్చు. అయినా చూసినవారు "ఈ కారును ఎక్కడ ఆపారు?" అని అడుగుతారు. ఎందుకో ఆలోచించండి.

గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 83 మీటర్లు పోతుంది. షట్టరు సెకనులో వెయ్యోవంతు మాత్రమే తెరుచుకుంటే, ఆ వ్యవధిలో కారు కదిలేది ఎనిమిది సెంటీమీటర్లే. అందుకే ఫోటోలో అది నిలిచిపోయినట్లు కనిపిస్తుంది. అరవయ్యోవంతు తెరిచి ఉంచితే దాదాపు 1.4 మీటర్లు జరుగుతుంది. అప్పుడు కెమెరాను కారుతో పాటే తిప్పాలి. కారు స్పష్టంగా నిలుస్తుంది, వెనుక ఉన్న గోడలూ జనమూ గీతలుగా సాగిపోతాయి. దీన్నే ప్యానింగ్ అంటారు. చేతులు కాదు, నడుము తిరగాలి. మీట నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. వంద ఫోటోల్లో ఐదు నిలిస్తే నేనైతే సంతోషిస్తాను.

ఇక్కడ ఎండ అడ్డువస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ ఉంది. 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు అక్కడ ఫార్ములా వన్ పందేలు జరిగాయి. నిండు ఎండలో, ఐ.ఎస్.ఓ. 100 దగ్గర, ఎఫ్/16 రంధ్రంతో సుమారు సెకనులో నూరోవంతు చాలు. షట్టరును ముప్ఫయ్యోవంతుకు తగ్గిస్తే ఫోటో తెల్లబోతుంది. రంధ్రాన్ని ఇంకా చిన్నది చేస్తే స్పష్టత తగ్గుతుంది. అందుకు న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టరు వాడాలి. ఇది కెమెరాకు పెట్టే చలువ అద్దం వంటిది. రంగులను మార్చకుండా వెలుతురును మాత్రం తగ్గిస్తుంది. ఎనిమిదోవంతు వెలుతురును పోనిచ్చే ఫిల్టరు పెడితే, ఎఫ్/11 దగ్గరే ముప్ఫయ్యోవంతు కుదురుతుంది. పోలరైజింగ్ ఫిల్టరు పని వేరు. ముందు అద్దం మీద, రంగు పూత మీద మెరుపును అది తగ్గిస్తుంది. కొంత వెలుతురును కూడా మింగుతుంది కాబట్టి, రెండో ఫిల్టరు లేనివారికి అదే అక్కరకు వస్తుంది.

అక్టోబరు చివర ఢిల్లీ చుట్టుపక్కల గాలిలో నిండే పొగకు మాత్రం ఏ ఫిల్టరూ మందు కాదు. "పొగను కోసేస్తుంది" అని అమ్మేవారి మాట నమ్మకండి. కారుకూ మీకూ మధ్య గాలి ఎంత తక్కువ ఉంటే ఫోటో అంత బాగుంటుంది. దగ్గరి మలుపు వెతుక్కోవడమే మార్గం.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్ సాగర్ పక్కన విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగింది. అలాంటి నగర వీధుల్లో అడ్డు వచ్చేది తీగల కంచె. లెన్సును కంచెకు ఆనించినంత దగ్గరగా పెట్టి, రంధ్రాన్ని పెద్దది చేయండి. తీగలు దాదాపు మాయమవుతాయి. అందుకూ ఎండను తగ్గించే ఆ ఫిల్టరే కావాలి.

ఇవన్నీ నేర్చుకోవడానికి పందేనికే వెళ్లనక్కరలేదు. మీ ఊరి రోడ్డు పక్కన, వాహనాలకు దూరంగా నిలబడి, పోయే ఆటోను ముప్ఫయ్యోవంతు దగ్గర తీసి చూడండి.

అన్ని క్షణాలకూ ఇదే పద్ధతి పనికిరాదు. 2013 అక్టోబరు 27న బుద్ధ్ సర్క్యూట్‌లో సెబాస్టియన్ వెటెల్ వరుసగా మూడోసారి గెలిచి, నాలుగో ప్రపంచ టైటిల్ దక్కించుకున్నాడు. ప్రేక్షకుల ముందు కారును గిరగిర తిప్పి, దిగి, దానికి మోకరిల్లి నమస్కరించాడు. పన్నుల వివాదాల మధ్య ఆ పందెం మరుసటి ఏడాది నుంచి లేకుండా పోయింది. టైర్ల పొగ, వాలిపోతున్న ఎండ, కదలని కారు, వంగిన మనిషి. అప్పుడు కావలసింది ఫిల్టరు తీసేసి, సెకనులో ఐదువందలోవంతు దగ్గర మీట నొక్కడమే.