చిత్తం – జీ హుజూర్

నాయకత్వం పుట్టుకతో వచ్చే గుణమనీ, మాటనేర్పు కొందరి నాలుకకు భగవంతుడిచ్చిన వరమనీ మనలో చాలమందికి నమ్మకం. అందువలననే, ఈ రెండింటిని గురించి జీవితకాలం పరిశోధన చేసే ఆచార్యులు విశ్వవిద్యాలయాలలో ఉన్నారని మేము చెప్పినప్పుడు మిత్రులు నవ్వుతారు. "రసాయనశాస్త్రంలో పరిశోధన ఉన్నది, చరిత్రలో ఉన్నది. ఆఫీసులో ఎవరు ఎవరితో ఏమి మాట్లాడుకున్నారన్న దానిలో కూడ పరిశోధన ఏమిటండీ?" అని ఒక పెద్దమనిషి మమ్ములను అడిగారు. ప్రభుత్వ పాలనాశాస్త్రాన్ని బోధించే మాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి నాలుగు ముక్కలలో సమాధానం చెప్పడం కష్టం గనుక, ఈ సంచికలో కొంత వివరంగా చెప్పదలచాము.

మన కళాశాల రెండు భాషల ఇల్లు. ఒక గదిలో ఉర్దూ వినబడుతుంది, పక్కగదిలో తెలుగు వినబడుతుంది. ఈ రెండు భాషలకూ లిపి వేరు, నుడికారం వేరు. కాని అధికారి ఎదుట నిలిచినప్పుడు రెండూ ఒకే మాట పలుకుతాయి. తెలుగు "చిత్తం" అంటుంది. ఉర్దూ "జీ హుజూర్" అంటుంది. "తమరు సెలవిచ్చినదే సరి, నాకు తెలిసినది నా దగ్గరనే ఉండనీయండి" అన్నది చాల సందర్భాలలో ఆ మాటకు అర్థం. వినయం మంచి గుణమే, కాదనము. అయితే వినయమూ భయమూ ఒకే విధంగా తల వంచుతాయి. ఏది ఏదో తల వంచినవానికి తెలుసు; కుర్చీలో కూర్చున్నవానికి తెలియదు. ఆ తేడాను కనిపెట్టి, దాని ఫలితాలను లెక్కగట్టడం కూడ ఈ శాస్త్రం చేసే పనులలో ఒకటి.

ఈ శాస్త్రంలో నేడు పేరెన్నికగన్నవారు హార్వర్డ్ బిజినెస్ స్కూలు ఆచార్యులు ఏమీ ఎడ్మండ్‌సన్. ఆమె నడిచినది తిన్నని దారి కాదు. 1981లో హార్వర్డ్‌లో ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నారు. గోళాకారపు కట్టడాలకు ప్రసిద్ధుడైన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ వద్ద, ఆయన చివరి సంవత్సరాలలో, ఇంజనీరుగా పనిచేశారు. ఫుల్లర్ 1983లో కన్నుమూశారు. ఆయన రేఖాగణిత భావాలను వివరిస్తూ ఆమె 1987లో ఒక గ్రంథం వెలువరించారు. తరువాత సంస్థల ఉద్యోగులకు శిక్షణనిచ్చే పనిలో కొంతకాలం ఉండి, మరల విద్యార్థినిగా హార్వర్డ్‌లో చేరి, 1996లో సంస్థాగత ప్రవర్తన అనే శాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఇంటర్మీడియట్‌లో తీసుకున్న గ్రూపుతోనే తలరాత ముగిసిపోయిందని దిగులుపడే మన విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆమె డాక్టరేటు కోసం చదువుతున్న రోజులలో, రెండు ఆసుపత్రులలోని ఎనిమిది విభాగాలలో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించే అవకాశం వచ్చింది. నాయకత్వం బాగుండి, సిబ్బంది కలసికట్టుగా ఉన్నచోట పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె అంచనా. ఎవరికైనా అట్లాగే తోస్తుంది. తీరా చూస్తే లెక్క తలక్రిందులైంది. మంచి జట్లలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనవి! మరొకరైతే ఆ కాగితాలను అటకమీద పడవేసి ఊరుకునేవారేమో. ఆమె ఆలోచించారు. మంచి జట్లు ఎక్కువ తప్పులు చేయడం లేదేమో, చేసిన తప్పులను దాచడం లేదేమో అన్న అనుమానం కలిగింది. ఈ లెక్కలేవీ తెలియని మరొక పరిశోధకుని ఆ విభాగాలకు పంపి చూడగా, కొన్నిచోట్ల నర్సులు జరిగిన పొరపాటును నిస్సంకోచంగా పైవారికి చెప్పుకుంటున్నారనీ, కొన్నిచోట్ల పైకి పొక్కనీయడం లేదనీ తేలింది. ఈ పరిశోధన 1996లో ప్రచురితమైంది. ఒక వస్తుతయారీ సంస్థలోని 51 జట్లను పరిశీలించి ఆమె 1999లో ప్రకటించిన వ్యాసం వలన దీనికి "మానసిక భద్రత" అన్న పేరు స్థిరపడింది. ఆ మాట అంతకుముందు కూడ శాస్త్రంలో ఉన్నదే. దానిని జట్టుకు అన్వయించి కొలిచిన ఘనత ఆమెది. ప్రశ్న అడిగినా, తెలియదన్నా, పొరపాటు చెప్పినా, పెద్దల ఆలోచనను కాదన్నా అవమానం జరుగదన్న నమ్మకమే మానసిక భద్రత.

ఈ ఫలితాన్ని మొదటిసారి చదివినప్పుడు మాకు అనేక కార్యాలయాల గోడలకు వేలాడే ఫిర్యాదుల పెట్టెలు గుర్తుకు వచ్చాయి. పెట్టె ఖాళీగా ఉంటే ఫిర్యాదులు లేవని అధికారులు సంతోషిస్తారు. ఖాళీ పెట్టెకు రెండు అర్థాలుండవచ్చును. ఒకటి, అందరూ సుఖంగా ఉన్నారు. రెండు, అందరూ భయంగా ఉన్నారు. తాళం తీసి చూసినంత మాత్రాన ఏది నిజమో తెలియదు.

మా కుటుంబంలోని ఒక అనుభవం ఇక్కడ చెప్పడం అప్రస్తుతం కాదు. మేము దాదా అని పిలిచే మా తాతగారు ఉర్దూ ప్రెస్సులలో కాతిబు. కలంతో ఆయన రాసిన ప్రతిని రాతిమీదికి ఎక్కించి అచ్చువేసేవారు. ఆయన పనిచేసిన మొదటి ప్రెస్సు యజమాని మహా కోపిష్ఠి. ఒకసారి ఒక సభ గోడపత్రికలో తేదీ ఒకటి, వారము ఒకటిగా ఉన్నదని దాదా గమనించి చెప్పబోతే, "నీకు కూలి రాసినందుకు, చదివినందుకు కాదు" అన్నాడట. నాటినుండి దాదా మక్కికి మక్కి దించసాగారు. ఈ పలుకుబడిలోని మక్కి ఉర్దూ మఖ్ఖీయే, అనగా ఈగ. అసలు ప్రతిలో చచ్చిన ఈగ అంటుకొని ఉంటే, నకలులోనూ ఒక ఈగను అంటించిన రాయసగాని కథ మనకు తెలిసినదే. ఆ కథలో అందరూ రాయసగానిని చూసి నవ్వుతారు. అతనికి ఆ గతి పట్టించిన యజమానిని గురించి ఎవరూ అడగరు.

రెండవ ప్రెస్సు యజమాని పెద్దగా చదువుకున్నవాడు కాదు. అయినా ప్రతి పుటనూ రాతికి ఎక్కించేముందు దాదా చాపవద్దకు స్వయంగా వచ్చి, "కాతిబ్ సాహెబ్, ఇందులో మీ కలానికి ఎక్కడ అడ్డు తగిలింది?" అని అడిగేవాడట. తప్పులేమైనా ఉన్నాయా అని అడిగితే లేవనడం సులభం. ఎక్కడ అడ్డు తగిలిందని అడిగితే, తగలడం సహజమేననీ, చెప్పడం మీ పనిలో భాగమేననీ ముందే ఒప్పుకున్నట్లయింది. ఆ ప్రెస్సులో దాదా ఇరవై ఏళ్ళు ఉన్నారు. హార్వర్డ్ పరిశోధన గురించి ఆ యజమాని విని ఉండడు గాని, దాని సారం అతనికి తెలుసు.

ఆ సారమే 2001లో ఎడ్మండ్‌సన్, ఆమె సహచరులు ప్రకటించిన మరొక పరిశోధనలో కనబడుతుంది. చిన్న కోతతో గుండెకు శస్త్రచికిత్స చేసే కొత్త పద్ధతిని 16 ఆసుపత్రులు ఎట్లా నేర్చుకున్నాయో వారు పరిశీలించారు. ఈ పద్ధతిలో సర్జనుకు గుండె మునుపటివలె కంటికి ఎదురుగా ఉండదు. మత్తు ఇచ్చే వైద్యుడు, నర్సు, యంత్రం నడిపే నిపుణుడు చెప్పే మాటలమీద ఆధారపడాలి. ఆసుపత్రి పేరుప్రతిష్ఠలు గాని, సర్జను హోదా గాని విజయాన్ని నిర్ణయించలేదు. "మీరు చెప్పకపోతే నాకు తెలియదు" అన్న భావం సిబ్బందికి కలిగించిన సర్జనుల జట్లే చక్కగా నేర్చుకున్నాయి.

నోరు మెదపని సంస్థకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2003 జనవరి 16న కొలంబియా అంతరిక్షనౌక ఎగిరిన సుమారు 82 సెకన్లకు, ఇంధనపు ట్యాంకునుండి ఊడిన నురుగుముక్క దాని ఎడమరెక్కకు తగిలింది. రెక్క ఏమైనదో చూడడానికి కక్ష్యలో ఉండగానే చిత్రాలు తీయించాలని కొందరు ఇంజనీర్లు కోరారు. ఆ కోరిక నెరవేరలేదు. వారిలో ఒకరు నిర్ణయాధికారులు పాల్గొన్న సమావేశంలో ఉండికూడ గట్టిగా మాట్లాడలేకపోయారు. తాను అధికార శ్రేణిలో ఎంతో దిగువన ఉన్నాననీ, నాయకురాలు ఎంతో ఎత్తున ఉన్నారనీ ఆయన తరువాత ఒక టెలివిజన్ సంభాషణలో చెప్పుకున్నారు. ఫిబ్రవరి 1న తిరిగివస్తూ ఆ నౌక ముక్కలైంది. కర్నాల్‌లో పుట్టిన మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ప్రమాదానికి నురుగుముక్క ఎంత కారణమో, సంస్థ సంస్కృతి కూడ అంత కారణమని ఆ సంవత్సరం ఆగస్టులో విచారణ సంఘం తన నివేదికలో పేర్కొన్నది. ఆ దేశంలో "జీ హుజూర్" అన్న మాట లేదు; ఆ మౌనం మాత్రం అక్కడా ఉన్నది.

అంతరిక్షం మనకు దూరం. తరగతిగది దగ్గర. మా విద్యార్థి ఒకడు, పదవ తరగతిదాకా ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు, మరొకచోట ఇంటర్మీడియట్ చదివే రోజులలో పాఠంలోని ఒక తెలుగు మాటకు అర్థం అడిగాడట. తరగతి అంతా నవ్వింది. అధ్యాపకుడు కూడ నవ్వి కూర్చోమన్నాడు. ఆ తరువాత రెండేళ్ళు అక్కడ అతడు నోరు తెరవలేదు. ఆ సబ్జెక్టు తప్పాడు. ఇంటివారు ఇక చదువు చాలించి దుకాణంలో కూర్చోమన్నారు. తల్లి పట్టుదల వలన మరల పరీక్ష రాసి మన కళాశాలకు వచ్చాడు. ఇంటిలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన పిల్లలు మనవద్ద ఎందరో ఉన్నారు. వారికి ఒక్క నవ్వు చాలు, చదువు ముగిసిపోవడానికి. మనవంటి కళాశాలలో మానసిక భద్రత పుస్తకాలలోని మాట కాదు. ఒక పిల్లవాడు ఇక్కడ ఉండడమా, వెళ్ళిపోవడమా అన్నది దానిమీద ఆధారపడి ఉన్నది.

అయితే ఒక అపోహ తొలగించాలి. భయం వద్దంటే క్రమశిక్షణ వద్దని కాదు. ఎడ్మండ్‌సన్ కూడ ఈ సంగతి నొక్కి చెప్పారు. ఉన్నత ప్రమాణాలు లేకుండ భద్రత మాత్రమే ఉన్నచోట సోమరితనం పెరుగుతుంది. భద్రత లేకుండ ప్రమాణాలు మాత్రమే ఉన్నచోట ఆందోళన పెరుగుతుంది. రెండూ ఉన్నచోటనే మనిషి నేర్చుకుంటాడు. మార్కులలో దయ చూపమని మేము కోరడం లేదు. ప్రశ్న అడిగినవానిపట్ల గౌరవం చూపాలని కోరుతున్నాము.

కళాశాల కమిటీలోని పెద్దలకు మా మనవి రెండు మాటలు. సమావేశాలలో అందరికంటె పెద్దవారు చివర మాట్లాడడం ఆచారం చేయండి. అధ్యక్షులవారు ముందే అభిప్రాయం చెప్పిన పిమ్మట, కొత్తగా చేరిన అధ్యాపకునికి "చిత్తం" తప్ప మరొక మాట మిగలదు. రెండవది, సంవత్సరానికి రెండుసార్లయినా అటెండర్లను, గ్రంథాలయ సిబ్బందిని, ప్రతి తరగతినుండి ఇద్దరు విద్యార్థులను పిలిచి, పని ఎక్కడ అడ్డు తగులుతున్నదని అడగండి. చెప్పినవారికి ముందుగా కృతజ్ఞత చెప్పండి. విచారణ తరువాత చేయవచ్చును. ఏ పైపు కారుతున్నదో, ఏ పిల్ల బడి మానబోతున్నదో ముందుగా తెలిసేది వారికే.

విద్యార్థి మిత్రులారా! ఈ పరిశోధనా మార్గం మీకూ తెరిచే ఉన్నది. దీనికి ఖరీదైన ప్రయోగశాల అక్కరలేదు. ఆర్.టి.సి. డిపోలో డ్రైవరు బ్రేకు సంగతి పై అధికారికి ఎట్లా చెబుతున్నాడు? ఆరోగ్యకేంద్రంలో మోతాదు ఎక్కువైనదని నర్సు డాక్టరుగారితో అనగలుగుతున్నదా? ఈ ప్రశ్నలకు మన జిల్లాలో సమాధానం వెదకదలచినవారికి ఒక నోటుపుస్తకం, ఓపిక, రెండు భాషలు కావాలి. మొదటి రెండూ మీరు సంపాదించుకోవాలి. మూడవది ఈ కళాశాలలో మీకు ఇప్పటికే లభించింది. తెలుగులో చెప్పలేనిది ఉర్దూలో చెప్పుకునేవారు, ఉర్దూలో దాచుకున్నది తెలుగులో బయటపెట్టేవారు మన చుట్టూ ఉన్నారు. వారి మాట వినగలవారికోసం ఈ శాస్త్రం ఎదురుచూస్తున్నది.