అత్తమ్మ అడిగిన ఒక్క పూట

యాత్ర అనగానే మనకి ముందు గుర్తొచ్చేది దేవుడు కాదండీ, ఇల్లు! పాలవాడికి ఎవరు చెప్తారు, పిల్లాడికి టిఫిను ఎవరు కడతారు, రుబ్బి పెట్టిన పిండి ఏమైపోతుంది... ఈ లెక్కలు తేలేసరికి ప్రయాణం కాస్తా వచ్చే ఏడాదికి పోతుంది. మా కాళేశ్వరం యాత్ర అలా పదేళ్ళు వాయిదా పడింది.

మా అత్తమ్మ నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. అలాంటిది 2015లో గోదావరి పుష్కరాలప్పుడు, "కాళేశ్వరం తోల్కపోతవా బిడ్డా" అని మావారిని అడిగింది. జనం ఎక్కువ, నీ మోకాళ్ళతో కష్టం అన్నాం. 2022లో ప్రాణహిత పుష్కరాలకి పిల్లాడి పరీక్షలు అడ్డొచ్చాయి. 2025 మేలో సరస్వతీ పుష్కరాలు టీవీలో చూపిస్తుంటే ఆవిడ మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే వెళ్ళి చూస్తే, కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. నా మనసు చివుక్కుమంది. ఈ ఏడు దాటకూడదనుకున్నాను.

మావారు కాగితం, కలం తీశారు. జనగామ నుంచి మూడు రోజులు. వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప, లక్నవరం, గణపురం కోటగుళ్ళు, కాళేశ్వరం, మంథని... ఏడు ఊళ్ళు! చదివి వినిపిస్తే అత్తమ్మ అంతా విని, "అన్నీ మంచిగనే ఉన్నయి గని, గోదారి ఒడ్డుకు ఒక్క పూట ఊకె కూసుంట" అంది. ఆ ఒక్క మాటతో సగం ఊళ్ళు కొట్టేశాం.

కార్తీక సోమవారాల రద్దీ తగ్గాక, మార్గశిరంలో బయలుదేరాం. మొదటి రోజు హనుమకొండలో వేయి స్తంభాల గుడి, ఆపైన పాలంపేటలో రామప్ప గుడి. 1213లో కట్టిన ఈ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. దేవుడి పేరుతో కాక, చెక్కిన శిల్పి పేరుతో పిలుచుకునే గుడి అంటే అత్తమ్మ ఎంత సంబరపడిందో! రాత్రికి భూపాలపల్లిలో ఆగాం. మర్నాడు కాటారం, మహదేవపూర్ మీదుగా అడవి దారిన కాళేశ్వరం చేరాం.

ఇక్కడి విశేషం మీకు తెలిసే ఉంటుంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోది ముక్తీశ్వరుడు, శివుడు. ముందు యముడికి మొక్కి, తరువాత శివుడికి మొక్కడం ఆనవాయితీ. శ్రీశైలం, ద్రాక్షారామంతో పాటు త్రిలింగ క్షేత్రాల్లో ఇదొకటి. గోదావరిలో ప్రాణహిత కలిసేది ఇక్కడే. సరస్వతి అంతర్వాహినిగా ఉందని మనవాళ్ళ నమ్మకం.

దర్శనమయ్యాక ఒడ్డున పీట వేసి కూర్చోబెట్టాను. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, సిరోంచ. అత్తమ్మ చాలాసేపు నీళ్ళ వంకే చూసింది. తరువాత మెల్లగా, "మీ మామ అస్థికలు ఈడనే కలిపిన్రు బిడ్డా. అప్పుడు ఆడోళ్ళను రానియ్యలే. ఏ నీళ్ళల్ల కలిసిండో సూడాలనుండె" అంది.

నేను కాపురానికి రాకముందే మామయ్య పోయారు. పదేళ్ళుగా ఆవిడ అడిగింది పుష్కర స్నానం అనుకున్నాం. ఎందుకని ఒక్కసారైనా అడిగామా? మావారు ఏమీ మాట్లాడలేక వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నీళ్ళదాకా నడిపించారు. ఆవిడ దోసిట్లో నీళ్ళు తీసుకుని, కళ్ళకద్దుకుని, మళ్ళీ నదిలోనే వదిలింది.

మీరూ పెద్దవాళ్ళతో వెళ్ళేటట్లయితే నాలుగు మాటలు చెప్తాను. గుడి వేళలు, గది సంగతి ముందే కనుక్కోండి. రోజుకి రెండు చోట్లకి మించి పెట్టుకోకండి. మందులు చేతిసంచీలోనే ఉంచండి. నేను పెద్ద పెట్టెలో అడుగున పెట్టి, రోడ్డు పక్కన పెట్టంతా విప్పాల్సొచ్చింది! మొదటి పూటకి పులిహోర, తరువాతికి సకినాలు, సర్వపిండి చాలు. మడత పీట మర్చిపోకండి. నది లోతు తెలియకుండా దిగనివ్వకండి. అన్నింటికంటే ముందు, కాగితం మీద ఊళ్ళు రాసే ముందు, "నీకేం చూడాలనుంది?" అని ఒక్కమాట అడగండి.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు వస్తాయి. అప్పుడు వెళ్దాంలే అనుకుంటున్నారా? నది రోజూ పారుతూనే ఉంటుంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళే అన్నాళ్ళు ఆగలేరు. పిండి సంగతి అంటారా? పక్కింటావిడకి ఇచ్చి వెళ్ళండి. దోసెలు వేసుకుంటారు!