రెండు దారుల నీళ్లు

శృంగవరపుకోట దాకా కిరండూల్ రైలు మామూలు రైలే. తాటిచెట్లు, చెరువులు, కోతలైన మళ్లు. బొడ్డవర దాటాక ఇంజను గొంతు మారి, సొరంగాలు మొదలయ్యాయి. ఈ లైన్లో అవి యాభైకి పైనే. చీకటి కమ్మినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు పెడుతున్నారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన దారి ఇది; మనలాంటి యాత్రికులం దీనికి కొసరు మాత్రమే.

సొరంగానికీ సొరంగానికీ మధ్య కోసిన కొండ గోడలు తుప్పు రంగులో ఉన్నాయి. ఖోండలైట్ రాయి. ఇందులో ఎర్రటి గార్నెట్ గుళికలుంటాయి. రాయి ఎండకూ వానకూ చివికితే అవి గెడ్డల్లో పడి సముద్రానికి చేరతాయి. భీమిలి ఒడ్డున అలలు వెనక్కి తగ్గినప్పుడు ఇసుక మీద కనిపించే ఎర్రటి చారల పుట్టిల్లు ఈ కొండలే.

శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద సముద్రమట్టానికి 996 మీటర్లని రాసి ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటిలో ఇదే ఎత్తయినదని ఒకప్పుడు పేరు. కశ్మీరులో రైలు తిరిగాక ఆ కిరీటం పోయింది. పొద్దున విశాఖలో చొక్కా సరిపోయింది, ఇక్కడ దిగగానే స్వెట్టరు కోసం సంచి వెతుక్కోవాల్సి వచ్చింది. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పుస్తకాల్లో చదివిందే.

ఆ లెక్క ప్రతిసారీ కుదరదని మర్నాడు తెల్లవారకముందే పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కుతుంటే తెలిసింది. కింద ఊళ్లో వేళ్లు కొంకర్లు పోయాయి. పైకి ఎక్కేకొద్దీ చలి పెరగాలి కదా, తగ్గింది! నిర్మలమైన రాత్రి నేల వేడిని వదిలేస్తుంది. దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి పల్లంలో మడుగు కడుతుంది. అందులోని తేమే పొగమంచు. మేం చూడడానికి వచ్చిన మేఘాల సముద్రం అదే. అందరూ దాంతో సెల్ఫీలు దిగుతున్నారు. దాని అడుగున చోళ్ల అంబలి కాచుకుంటున్న ఊళ్లున్నాయన్న ధ్యాస ఎవరికీ ఉన్నట్టు లేదు. లంబసింగిలో కొన్ని ఏళ్లు చలి సున్నా దరిదాపులకు వెళ్లడంలోనూ ఈ జారే గాలి చెయ్యి ఉంది.

ఈ కొండల్లో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం నీళ్ల దారి. తూర్పు వాలున పడ్డ వాన గోస్తనిలో కలిసి, బొర్రా గుహల సున్నపురాయిని తొలుచుకుంటూ తాటిపూడి జలాశయానికి దిగి, భీమిలి దగ్గర సముద్రంలో పడుతుంది. పడమటి వైపు వాన మత్స్యగెడ్డ పాలు. అది మాచ్‌ఖండ్‌గా కరెంటు పుట్టించి, సీలేరై, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. అక్కడి నుంచి పాపికొండలు, ధవళేశ్వరం. ఒకే మబ్బు కురిసిన వాన రెండు వాలుల వెంట విడిపోయి, మళ్లీ బంగాళాఖాతంలోనే కలుస్తుంది. ఆ మబ్బులను ఇక్కడికి తోలేదీ చాలావరకు ఆ బంగాళాఖాతమే.

తోలేది వానలనే కాదు. తిరుగు దారిలో, వలిసె పూల పసుపు మధ్య ఆగినచోట, ఒక గిరిజన మహిళా రైతు ఇంటి ముందు కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. పక్కనే తోట, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు. కొన్నిచోట్ల మాత్రం ఆ చెట్లు మిగతావాటికంటే చిన్నవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను పాత చెట్లను పడగొట్టిందనీ, నీడ పోయి కిందనున్న కాఫీ మొక్కలు మాడిపోయాయనీ ఆమె చెప్పింది.

"మార్చిలో రెండు జల్లులు పడితేనే పూత బాబూ. ఇప్పుడు పడితే గింజ బూజు పడుతుంది. వాన మంచిదే గానీ, నెల చూసుకుని రావాలి గదా."

అంతలో, "సముద్రంలో అల్పపీడనం పుట్టిందంటన్నారు. నిజమేనా?" అని అడిగింది.

ఫోన్ తీసి చూశాను. నిజమే. రెండు రోజుల్లో కోస్తాలో వానలని ఉంది. చెప్పాను. ఆమె ఇంట్లోకి కేకేసి కొడుకుని పిలిచింది. ఇద్దరూ టార్పాలిన్ అంచులు పట్టి గింజలు మధ్యకు లాగడం మొదలుపెట్టారు. మూడో అంచు నేను పట్టుకున్నాను.