ఆట మానేస్తే సరిపోతుందన్నారు

మే నెల మొదటి వారంలో, కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున ఉన్న మా పుట్టింటి నుంచి ఏలూరులో మా ఇంటికి ఒక కంప్యూటర్ వచ్చింది. అన్నయ్య కారు వెనక సీట్లో, పాత దుప్పటి చుట్టుకుని. దాని పక్కన దాన్ని పట్టుకుని కూర్చున్న పదహారేళ్ల మా మేనకోడలు. అన్నయ్య కాఫీ తాగి లేస్తూ "దీని సంగతేదో నువ్వే చూడమ్మా, నావల్ల కాదు" అన్నాడు. దేని సంగతో చెప్పలేదు. మన భాషలో వస్తువుకీ, చనువున్న ఆడపిల్లకీ సర్వనామం ఒకటే కాబట్టి చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఆ కంప్యూటర్ ఒకప్పుడు నాది. 2017లో ఫెలోషిప్ బకాయిలు ఒక్కసారిగా చేతికొస్తే భాగాలు విడివిడిగా కొని బిగింపించుకున్న అసెంబుల్డ్ సిస్టం. నా సిద్ధాంత గ్రంథమంతా దాని మీదే టైపు చేశాను. 2021లో డాక్టరేట్ వచ్చాక లాప్‌టాప్ కొనుక్కుని దాన్ని మేనకోడలికి ఇచ్చేశాను. మొన్న సంక్రాంతికి ఆ పిల్ల దాచుకున్న డబ్బులన్నీ పెట్టి, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివే ఒకబ్బాయి దగ్గర వాడిన గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుంది. ఫోర్జా హొరైజన్ అనే కార్ల గేము ఆడటానికి. ఊళ్లో దానికి స్కూటీ ఇవ్వరు. చెరువు గట్ల మీద ఆడపిల్ల బండి తోలితే ఎవరేమనుకుంటారో అని భయం. దాని తమ్ముడు పద్నాలుగేళ్లకే వాళ్ల నాన్న బండేసుకుని కైకలూరు దాకా వెళ్లొస్తాడు. ఇది మాత్రం తెర మీద గంటకు రెండువందల కిలోమీటర్ల వేగంతో ఎవరివో దేశాల రోడ్ల మీద తిరుగుతుంది.

అలా తిరుగుతుండగా ఐదు నిమిషాలకో పది నిమిషాలకో తెర నల్లబడి, కంప్యూటర్ తనంతట తనే ఆగి మళ్లీ మొదలవుతోంది. సినిమా చూస్తే ఏమీ కాదు. పాఠాలు వింటే ఏమీ కాదు. గేము ఆడితేనే.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పారు. వైరస్ అన్నాడు తమ్ముడు. "మన ఊరి కరెంటు సంగతి తెలిసిందేగా" అంది వదిన. చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రిళ్లు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందని ఏరియేటర్లన్నీ ఒక్కసారి వేస్తే ఇంట్లో బల్బులు గుడ్డిగా వెలుగుతాయి. అన్నయ్య దాన్ని రిపేరు షాపుకి తీసుకెళ్లాడు. షాపతను మూత తీసి, ఊది, మూత పెట్టి, మూడువందలు తీసుకుని, "ఇది మామూలు పనికి కొన్న సిస్టం సార్. పాపని గేములు మానేయమనండి, సరిపోద్ది" అన్నాడట. ఏ గేము, ఎంతసేపటికి, ఏ కార్డు పెట్టాక మొదలైంది, ఇవన్నీ తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉంది. ఆ పిల్లని అతను ఒక్క ప్రశ్నా అడగలేదు.

అతన్ని అనడానికి నాకు అర్హత ఉందా? ఫిబ్రవరిలో ఆ పిల్ల ఫోన్ చేసినప్పుడు నేనూ అదే అన్నాను. "కొన్నాళ్లు ఆట మానెయ్యవే. నేను దాని మీద నాలుగువందల పేజీలు టైపు చేశాను, ఒక్కసారన్నా ఆగలేదు." అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "టైపు చేస్తే ఎందుకాగుతుందత్తా?" అంది. ఆ ప్రశ్న వెక్కిరింతలా వినిపించి కోపమొచ్చింది. అసలైన ప్రశ్న అదేనని తెలియడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఏలూరులో ఆ మొదటి రాత్రే మూత తీశాం. నాకు చేతులు వణికాయి. ఏళ్ల తరబడి ఆ పెట్టె ముందు కూర్చున్నదాన్ని, ఒక్కసారి కూడా లోపల చూసుకోలేదు. పుస్తకాల మీద ఉన్న హక్కు యంత్రాల మీద ఉందని ఎప్పుడూ అనుకోలేదు. మొట్టమొదటి కంప్యూటర్లలో ఒకటైన ఎనియాక్‌ని నడిపింది ఆరుగురు ఆడవాళ్లని నా విద్యార్థినులకు ఏటా మార్చిలో చెబుతుంటాను. కేథలీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. మొదట్లో వాళ్లని యంత్రం ఉన్న గదిలోకే రానివ్వలేదు. వైరింగ్ పటాలు చూసి దాన్ని నేర్చుకున్నారు. పదిహేడువేల పైచిలుకు వాక్యూమ్ ట్యూబుల్లో చెడిపోయింది ఏదో వెతికి పట్టుకునేంతగా నేర్చుకున్నారు. 1946 ఫిబ్రవరిలో ఆ యంత్రాన్ని లోకానికి చూపించిన రోజు రాత్రి విందుకి మాత్రం వాళ్లకి పిలుపు లేదు. ఈ కథ బాగా చెబుతాను. చెప్పి ఇంటికొచ్చి, ప్రింటర్ ఆగిపోతే మా ఆయన్ని పిలుస్తాను.

పెట్టెలో బొంతలా దుమ్ము, రెండు బల్లి గుడ్లు, ఒక చీమల బారు ఉన్నాయి. ప్లగ్గు తీసేసి, పెయింటు బ్రష్షుతో, ఫ్యాన్ల రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని శుభ్రం చేశాం. సమస్య తీరిపోయిందనుకున్నాం. ఏడు నిమిషాలకి ఆగిపోయింది.

అప్పుడు ఒక నోటుబుక్కు తీశాం. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి అన్నది నియమం. పరిశోధనలో నేర్చుకున్నదే. కానీ దాన్ని ఇంటి వస్తువు మీద ప్రయోగించడం అదే మొదలు. ముందు విండోస్‌లో, లోపం వస్తే దానంతట అదే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటుని తీసేశాం. డ్రైవర్ల వల్లనో మరో సాఫ్ట్‌వేర్ వల్లనో పడిపోతుంటే చాలాసార్లు నీలిరంగు తెర వచ్చి ఏదో ఒక సంకేతం చెబుతుంది. ఏమీ రాలేదు. నేరుగా నల్లబడి మళ్లీ లేచింది. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ప్రతిసారీ ఒకే పద్దు: కెర్నల్ పవర్ 41. దాని అర్థం వెతికితే, 'ఇంతకుముందు కంప్యూటర్ సరిగ్గా మూతపడలేదు' అని మాత్రమే. పడిపోయిందని చెబుతుంది, ఎందుకో చెప్పదు. 'కడుపునొప్పి తాళలేక గృహిణి మృతి' అని పేపర్లో రెండు లైన్ల వార్త చదివినట్టనిపించింది. రికార్డు ఉంటుంది, కారణం ఉండదు.

తర్వాత వేడి. ఆడుతున్నంతసేపూ ఉష్ణోగ్రతలు చూశాం. ప్రాసెసర్ 70 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డు 74. వాటికి అది మామూలే. ఒక రాత్రంతా మెమరీ పరీక్ష పెడితే ఒక్క తప్పూ రాలేదు. వదిన చెప్పిన కరెంటు మాట కూడా తీసిపారెయ్యలేదు. ఏలూరులో మా ఇంట్లో వోల్టేజీ నిలకడగానే ఉంటుంది, ఎందుకైనా మంచిదని యూపీఎస్ తీసేసి నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాం. అదే తీరు. కొల్లేటి కరెంటు నిర్దోషి అని రాసుకున్నాం. ప్రాసెసర్‌కి ఒక్కదానికే పని పెడితే అరగంట నిలబడింది. గ్రాఫిక్స్ కార్డుకి పని పెడితే నాలుగు నిమిషాలు. రెండింటికీ కలిపి పెడితే ముప్ఫై సెకన్లు. "చూశావా అత్తా, బరువెక్కితేనే" అంది పిల్ల. కార్డే చెడిందేమోనని దాని స్నేహితురాలి అన్న కంప్యూటర్లో పెట్టించాం. అక్కడ గంటన్నర ఆడినా ఏమీ కాలేదు.

నేను తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ని. పొద్దున్నే రైలెక్కి భీమడోలు, పూళ్ల దాటుకుంటూ వెళ్తాను. మరుసటి రోజు పరీక్షల డ్యూటీకి వెళ్లినప్పుడు స్టాఫ్ రూములో ఫిజిక్స్ మేడమ్‌కి నోటుబుక్కు చూపించాను. ఆమె నాకంటే పదేళ్లు పెద్ద. రెండు పేజీలు చదివి, "అన్నీ చూశారు గానీ, వీటన్నిటికీ కరెంటిచ్చే డబ్బా చూశారా? పవర్ సప్లై? దాని మీద లేబుల్ ఉంటుంది. పెద్ద అక్షరాలు కాదు, చిన్న అక్షరాలు చదవండి" అన్నారు.

చదవడం నా వృత్తి. ఆ రాత్రి టార్చి వేసి చదివాం. పెద్ద అక్షరాల్లో 450. కింద గళ్లలో, చీమంత అక్షరాల్లో, 12 వోల్టుల లైను దగ్గర 18 ఆంపియర్లు. గ్రాఫిక్స్ కార్డూ, ప్రాసెసరూ తాగేది ప్రధానంగా ఆ లైను నుంచే. మేనకోడలే లెక్క కట్టింది. పన్నెండు పద్దెనిమిదులు 216. అంటే 216 వాట్లు. మిగతా అంకె అంతా ఇప్పటి భాగాలు పెద్దగా వాడుకోని లైన్ల మీద వేసి కూడింది. కొత్త కార్డుకి 120, ప్రాసెసర్‌కి 65, ఆపైన డిస్కులు, ఫ్యాన్లు, బోర్డు. అదీగాక గేములో దృశ్యం మారినప్పుడల్లా కార్డు ఒక్క క్షణం అంతకంటే ఎక్కువ లాగుతుంది. ఎనిమిదేళ్లుగా వాడుతున్న డబ్బా, లోపలి కెపాసిటర్లు ఎంత నీరసించాయో తెలీదు. వోల్టేజీ ఒక్క క్షణం జారితే, తనని తాను కాపాడుకోవడానికి యంత్రం పని ఆపేస్తుంది. అంటే అది మొండికెయ్యడం లేదు. చాలనంత ఇస్తూ, నిండుగా పని చెయ్యమంటున్నాం.

ఆ లేబుల్ ముందు కూర్చుని ఉండగా నాకు 2019 గుర్తొచ్చింది. సిద్ధాంత గ్రంథం చివరి అధ్యాయాలు. కాలేజీలో గంటకింత లెక్కన జీతం, ఇంట్లో వంట, అత్తగారి మోకాళ్ల ఆపరేషన్. మెట్లెక్కితే ఆయాసం. ఒకసారి తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫాం మీద కళ్లు తిరిగి కూలబడ్డాను. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఇంత చదువు ఎవరికోసం? కొన్నాళ్లు మానెయ్." చూపించుకున్న డాక్టరు కూడా "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అన్నాడు. వంట మానెయ్యమని ఎవరూ అనలేదు. మానెయ్యమన్నది నేను ఇష్టపడి చేస్తున్న ఆ ఒక్క పనినే. ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టరు రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ 7.6. మూడు నెలలు ఐరన్ మాత్రలు వేసుకున్నాక అదే నేను, అవే మెట్లు, అదే సిద్ధాంత గ్రంథం. ఏదీ మానకుండానే పూర్తయింది.

నాదొక్కదాని కథ కాదిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. నూటికి యాభై ఏడుగురు చాలని సరఫరాతో నడుస్తున్నారు. రోజువారీ పని ఎలాగో నడుస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆమె ఇంకొంచెం ఏదైనా తలపెట్టినప్పుడు, ఒక చదువో, ఒక రచనో, ఒక ఆటో, అప్పుడు పడిపోతుంది. అప్పుడు తప్పు ఆ చదువుది, ఆ రచనది, ఆ ఆటది అవుతుంది. 'టైపు చేస్తే ఎందుకాగుతుంది' అని ఆ పిల్ల అడిగింది ఇదే. నేను ఒకసారి ఇలా పడి లేచినదాన్నై ఉండి కూడా, దానికి ఇచ్చిన సలహా నాకిచ్చిన సలహానే.

శనివారం ఫిజిక్స్ మేడమ్ తన ఇంటి కంప్యూటర్‌లోని పవర్ సప్లై విప్పి ఒక గుడ్డసంచీలో పెట్టి ఇచ్చారు. "ఆ డబ్బా మూత మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసినా లోపల చార్జి నిలిచుంటుంది, ప్రమాదం" అని రెండుసార్లు చెప్పారు. అది బిగించాక పిల్ల రెండు గంటలు ఆడింది. ఒక్కసారీ ఆగలేదు. నేను చప్పట్లు కొట్టబోతే ఆపి, "ఉండత్తా, పాతది మళ్లీ పెట్టి చూద్దాం" అంది. పెట్టాం. ఆరు నిమిషాలకి ఆగిపోయింది. అప్పుడు నోటుబుక్కులో చివరి గీత గీసింది. నా పరిశోధక విద్యార్థులు చాలామంది ఆ రెండో పరీక్ష చెయ్యరు.

కొత్తది నాలుగువేల చిల్లర. వదిన ఫోన్‌పేలో పంపింది. "మీ అన్నయ్యకి నేను చెప్తాలే" అంది. పెట్టెలో ఏముందో వదిన అడగలేదు. "దానివల్ల కాదుగా చెడింది?" అని మాత్రం అడిగింది. కాదన్నాను. "నాకు తెలుసు" అంది. తెలిసి నాలుగు నెలలు ఎందుకు ఊరుకుందో నేను అడగలేదు. అడిగే చోటులో నేను లేను.

జూన్ మొదట్లో అన్నయ్య వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లాడు. నోటుబుక్కు చూపిస్తే పేజీలు తిప్పాడు. లేబుల్ లెక్క దగ్గర ఆగి, "ఇదంతా నువ్వు చేశావా?" అని కూతుర్ని అడిగాడు. సంతోషించాడనే అనుకుంటున్నాను. వెళ్లేముందు మాత్రం, "సరే, రోజుకి అరగంటే. ఇంటర్ సెకండియర్" అన్నాడు. తమ్ముడి ఫోన్ గేములకి గంటల లెక్క ఏదీ ఆ ఇంట్లో లేదు. ఆ మాట నేనంటే అన్నయ్య నవ్వి, "వాడు మగపిల్లాడు కదా, వింటాడేంటి" అన్నాడు.

నిన్న రాత్రి పిల్ల ఫోన్ చేసింది. వెనక ఏరియేటర్ల హోరు వినిపిస్తోంది. కంప్యూటర్ ఆగటం లేదట. అరగంట అయ్యాక నాన్న వచ్చి ఆపుతున్నాడట. "ఇది ఏ లోపం కిందికొస్తుందత్తా?" అంది. నోటుబుక్కు దగ్గరే ఉందా అని అడిగాను. ఉందంది. కొత్త పేజీ తియ్యమన్నాను.